గీత దాటిన బంతి

భారతీయుల ఫుట్‌బాల్ ఎలా మొదలైందని కోల్‌కతాలో ఎవరినడిగినా ఒక కుర్రాడి కథ చెబుతారు. అది 1877. నగేంద్రప్రసాద్ సర్వాధికారి తల్లితో కలిసి గుర్రబ్బండిలో గంగాస్నానానికి వెళుతున్నాడు. దారిలో మైదానం దగ్గర తెల్లవాళ్లు బంతి తన్నుతూ పరుగులు తీస్తున్నారు. కుర్రాడు బండి ఆపించి, దిగి, గీత పక్కన నిలబడి చూస్తుంటే బంతి ఎగిరివచ్చి అతని దగ్గరే పడింది. చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. లోపలినుంచి ఒక ఆటగాడు తన్నమని కేకేశాడు. తన్నాడు. బెంగాలీలు తమ ఆటకు ఆ తన్నునే శ్రీకారంగా చెప్పుకుంటారు. 2021లో వచ్చిన ‘గోలొందాజ్’ సినిమా ఈ నగేంద్రప్రసాద్ జీవితం మీద తీసిందే.

ఈ కథ చెప్పేవాళ్లు తన్ను దగ్గర ఆగిపోతారు గానీ, అంతకుముందు జరిగిన సంగతి కూడా ముఖ్యమే. బంతి గీత దాటింది. గీత దాటిన బంతిని మళ్లీ ఆటలోకి పంపేది కాలితోనా, చేత్తోనా? ఎవరు పంపాలి? ఏ దిక్కుకు పంపాలి? సరిగ్గా ఆ 1877లోనే ఇంగ్లండ్ పెద్దలు ఈ ప్రశ్నల్లో ఒకదాని మీద ఏళ్ల తరబడి సాగిన తగవు తెంచుకున్నారు. ఆ తగవు పుట్టింది పాఠశాలల్లో. గీత దాటిన బంతిని లోపలికి విసిరే త్రో-ఇన్ చరిత్ర మొదట్లో చాలావరకు బడిపిల్లల చరిత్రే.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇంగ్లండ్‌లో పెద్దింటి పిల్లలు చదివే ప్రతి బడికీ సొంత ఫుట్‌బాల్ ఉండేది. రగ్బీ బడిలో బంతిని చేత పట్టుకుని పరుగెత్తవచ్చు. ఈటన్‌లో చెయ్యి తగలకూడదు. హారోలో కొన్ని షరతుల మీద పట్టుకోవచ్చు. బంతి పక్కకు పోతే ఏం చెయ్యాలన్నది కూడా బడిబడికీ మారేది. వించెస్టర్‌లోనైతే అసలు పక్కకు పోనిచ్చేవారే కాదు. మైదానం అంచుల్లో చిన్న క్లాసుల పిల్లలను బారుగా నిలబెట్టి, వాళ్లనే గోడగా వాడుకునేవారు. తర్వాత ఆ పిల్లల స్థానంలో కాన్వాసు గుడ్డలు, ఆపైన వలలు వచ్చాయి. ఒక బడి కుర్రాడు మరో బడి వాడితో ఆడాలంటే ముందు గంటసేపు నియమాల మీద వాదించుకోవాలి. కాలేజీకి వెళ్లాక ఆ వాదన ఇంకా ముదిరేది.

ఈ పిల్లలే పెద్దవాళ్లై ఉద్యోగాల మీద కలకత్తా వచ్చారు. వస్తూ తమ బడి ఆటనూ వెంట తెచ్చుకున్నారు. 1868లో ఈటన్ పూర్వ విద్యార్థులు ఒక జట్టుగా, మిగతావాళ్లు మరో జట్టుగా కలకత్తాలో ఆడిన మ్యాచ్ చరిత్రకెక్కింది. రెండేళ్ల తర్వాత ఈటన్, వించెస్టర్, హారో వాళ్లంతా ఒకవైపు, ఇతర బడులవాళ్లు మరోవైపు ఆడారు. రెజిమెంట్లు, శాఖలు, జీతాల హోదాలు ఇన్ని ఉన్న ఆ ఊళ్లో ఆట దగ్గరికి వచ్చేసరికి మనుషులు విడిపోయింది చిన్నప్పుడు చదివిన బడిని బట్టి.

బడికో నియమమన్న ఈ గందరగోళం తీర్చడానికే, ఆ కలకత్తా మ్యాచ్‌లకు ముందే, 1863 అక్టోబరు 26న లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో కొన్ని క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకున్నారు. డిసెంబరు నాటికి ఎబనీజర్ కాబ్ మోర్లీ రాసిన పదమూడు నియమాలకు ఒప్పుకున్నారు. పక్కకు పోయిన బంతి సంగతి అందులో ఉంది. ఆ నియమం ఈనాటి కంటికి వింతగానే కనిపిస్తుంది. బంతిని బయటికి కొట్టింది ఎవరన్నది లెక్కలోకి రాదు. ముందుగా పరుగెత్తి దాన్ని తాకినవాడిదే త్రో. వాడు గీతకు నిటారుగా, అంటే తిన్నగా ఎదుటికి మాత్రమే విసరాలి. తనవాడు ఎడమపక్కన ఖాళీగా నిలబడి ఉన్నా అటు వెయ్యకూడదు. పైగా బంతి నేల తాకేదాకా ఆట మొదలైనట్టు కాదు.

దీనివల్ల జరిగేది ఊహించడం కష్టం కాదు. బంతి గీత దాటగానే రెండు జట్ల వాళ్లూ చూసేవాళ్ల గుంపులోకి దూసుకుపోయేవారు. అసలు ఆట కన్నా గీత అవతల పోరే గట్టిగా జరిగేది. 1873లో ఈ పద్ధతి మార్చారు. బంతిని బయటికి పంపిన జట్టుకు కాకుండా అవతలి జట్టుకు త్రో ఇచ్చారు. ఇవాళ మనకు అది న్యాయమని వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఆ న్యాయం తట్టడానికి వాళ్లకు పదేళ్లు పట్టింది.

తిన్నగా విసరాలన్న షరతు ఇంకా మిగిలింది. ఉత్తర ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ క్లబ్బులకు అది నచ్చలేదు. వాళ్లు పక్కకు పోయిన బంతిని కాలితోనే లోపలికి తన్నేవారు. చివరికి 1877లో లండన్ వాళ్లు ఒక మెట్టు దిగారు. చేత్తోనే విసరాలి గానీ ఏ దిక్కుకైనా విసరవచ్చన్నారు. షెఫీల్డ్ వాళ్లు తమ నియమాల పుస్తకం పక్కనపెట్టి ఈ గొడుగు కిందికి వచ్చారు. అదే ఏడు కలకత్తాలో ఒక భారతీయ బాలుడు గీత దాటిన బంతిని షెఫీల్డ్ పద్ధతిలో కాలితో లోపలికి పంపాడన్న కథ పుట్టడం చరిత్రలో అరుదుగా దొరికే చక్కని కలయిక.

ఆ తర్వాతి ఘట్టం ఇంకా బాగుంటుంది. నగేంద్రప్రసాద్ హేర్ స్కూల్లో తోటివాళ్ల దగ్గర చందాలు పోగుచేసి బంతి కొన్నాడు. దుకాణంవాడు ఇచ్చింది కోడిగుడ్డు ఆకారంలో ఉన్న రగ్బీ బంతి. పిల్లలకు తేడా తెలియదు. దాన్నే తన్నుతూ, పడుతూ లేస్తూ ఆడుతుంటే పక్కనే ఉన్న ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ జి.ఎ. స్టాక్ చూశాడు. వాళ్లు ఆడుతున్నది ఏ ఆటా కాదని అర్థమై దగ్గరికి వచ్చి, గుండ్రటి బంతి ఇప్పించి, నియమాలు చెప్పాడు. మన దేశంలో ఫుట్‌బాల్ నియమావళి తొలిసారి భారతీయుల చెవిన పడింది ఒక బడి ఆవరణలోనే.

కలకత్తా పిల్లల చేతికి రగ్బీ బంతి రావడానికి కారణం లేకపోలేదు. ఆ రోజుల్లో ఊళ్లో ఫుట్‌బాల్ అంటే ముందుగా రగ్బీయే. 1872 క్రిస్మస్ నాడు ఇక్కడ ఇంగ్లండ్ వాళ్లు ఒక జట్టుగా, స్కాట్లండ్, ఐర్లండ్, వేల్స్ వాళ్లు మరో జట్టుగా రగ్బీ ఆడారు. ఆ ఉత్సాహంలో మరుసటి నెలలో కలకత్తా ఫుట్‌బాల్ క్లబ్ వెలసింది. ఎండలకు, పోలో, టెన్నిస్ ఆకర్షణకు తట్టుకోలేక కొన్నేళ్లకే మూతపడింది. బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, 270 నాణేలు కరిగించి ఒక కప్పు చేయించారు. మూత మీద ఏనుగు, పిడులుగా మూడు నాగుపాములు. దాన్ని 1878లో లండన్‌లోని రగ్బీ యూనియన్‌కు బహుమతిగా ఇచ్చారు. ఇప్పటికీ ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు ఏటేటా పోటీపడేది ఆ కలకత్తా కప్పు కోసమే. టీవీలో ఆ మ్యాచ్ చూసేవాళ్లు బంతి పక్కకు పోయినప్పుడు గమనించాలి. రెండు వరుసల మధ్యకు బంతిని తిన్నగా విసరాలి, అవతలి జట్టు పోటీపడుతుంటే వంకర పోవడం తప్పు. 1863 నాటి ఆ నిటారు త్రో ఫుట్‌బాల్‌లో పద్నాలుగేళ్లే బతికింది. రగ్బీ దాన్ని నూటయాభై ఏళ్లు దాటినా విడిచిపెట్టలేదు.

ఇక చెయ్యి సంగతి. 1882 దాకా ఇంగ్లండ్‌లో ఒంటిచేత్తో విసిరేవారు. బలం ఉన్నవాడికి అది వరం. నాటింగ్‌హామ్‌కు చెందిన విలియం గన్ ఆరడుగులు దాటిన మనిషి. క్రికెట్‌లో బౌండరీ నుంచి బంతి విసరడంలో చెయ్యి తిరిగినవాడు. ఫుట్‌బాల్‌నూ అలాగే ఒంటిచేత్తో దూరదూరాలకు విసిరేవాడని, రెండు చేతుల నియమం రావడానికి అతని భుజబలం కూడా ఒక కారణమని చెబుతారు. మన ఊళ్లలో జి.ఎం. బ్యాటు పట్టని క్రికెట్ కుర్రాడు ఉండడు. ఆ గన్ అండ్ మూర్ కంపెనీ పెట్టిన గన్ ఈయనే.

స్కాట్లండ్‌లో మాత్రం రెండు చేతులతోనే విసరాలి. ఇంగ్లండ్, స్కాట్లండ్ తలపడినప్పుడల్లా ఏ పద్ధతి పాటించాలన్నది తలనొప్పిగా ఉండేది. 1882 డిసెంబరు 6న మాంచెస్టర్‌లో నాలుగు బ్రిటిష్ సంఘాలు కలిసి కూర్చుని రాజీ కుదుర్చుకున్నాయి. ఇంగ్లండ్ నుంచి ‘ఏ దిక్కుకైనా’ అన్నది తీసుకున్నారు, స్కాట్లండ్ నుంచి ‘రెండు చేతులతో’ అన్నది. ఈ రెంటినీ అతికించి చేసిన త్రోనే ఈనాటికీ ప్రపంచమంతా విసురుతోంది.

బెంగాలీలు పెద్ద పోటీల్లోకి అడుగుపెట్టేనాటికి ఈ రాజీ కుదిరి స్థిరపడింది. అది వాళ్ల అదృష్టం. 1889లో మోహన్ బగాన్ పుట్టింది. 1892లో నగేంద్రప్రసాద్ పెట్టిన శోభాబజార్ క్లబ్ ట్రేడ్స్ కప్‌లో ఈస్ట్ సర్రే రెజిమెంట్‌ను 2-1తో ఓడించింది. 1893లో ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడి, ఐఎఫ్ఏ షీల్డ్ మొదలైంది. ఇంగ్లండ్ బడిపిల్లలు ముప్ఫై ఏళ్లు కొట్టుకున్న వాదనలు ఇక్కడివాళ్లు మళ్లీ కొట్టుకోవాల్సిన పని లేకపోయింది. కట్టిన పుస్తకం చేతికి వచ్చింది. తెల్లవాడి పుస్తకం ప్రకారమే ఆడి తెల్లవాణ్ణి ఓడించే వీలు కలిగింది. నియమాలు ఒక్కటే కావడం వల్లే ఆ గెలుపుకు అంత విలువ.

ఆ గెలుపుల్లో అన్నిటికన్నా పెద్దది 1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో వచ్చింది. మోహన్ బగాన్ 2, ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ 1. వెనకబడ్డ జట్టును శివదాస్ భాదురి సమం చేశాడు, అభిలాష్ ఘోష్ గెలుపు గోలు కొట్టాడు. పదకొండుమందిలో సుధీర్ చటర్జీ ఒక్కడి కాళ్లకే బూట్లు. వెనక నిలబడి ఏమీ కనిపించనివాళ్ల కోసం గాలిపటాలు ఎగరేసి స్కోరు తెలియజేశారు. ఈ ముచ్చట్లు చాలామందికి తెలిసినవే. ఆ రోజు అమల్లో ఉన్న పుస్తకంలో ఏముందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ మ్యాచ్‌ను ఇప్పటి రిఫరీ చేత ఆడిస్తే పదినిమిషాల్లో గొడవ జరుగుతుంది. 1911లో త్రో అందుకునేవాడు కూడా ఆఫ్‌సైడ్ కావచ్చు. త్రోకు ఆఫ్‌సైడ్ వర్తించదన్న వెసులుబాటు 1920లో వచ్చింది. అప్పటి ఆఫ్‌సైడ్ కూడా ఇప్పటికన్నా కఠినం. ముందున్నవాడికీ గోలుకూ మధ్య ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, 1925 దాకా అంతే. అంటే శివదాస్ త్రో కోసం గీత వెంబడి ముందుకు ఉరికితే లైన్స్‌మన్ జెండా లేపేవాడు. అతను వెనక్కి వచ్చి అందుకోవాలి, లేదా బంతి గాల్లో ఉండగా పరుగు మొదలుపెట్టాలి. త్రో తప్పుగా విసిరితే శిక్ష ఇంకా పెద్దది. ఇప్పుడైతే అవతలి జట్టుకు త్రో ఇచ్చి సరిపెడతారు. అప్పట్లో ఏకంగా ఫ్రీకిక్ ఇచ్చేవారు. ఈ శిక్షను 1931లో తగ్గించారు. వానాకాలం, నానిన తోలుబంతి, బురద, చెప్పుల్లేని కాళ్లు, చేతులు జారితే ఫ్రీకిక్. ఆ కుర్రాళ్లు ఎంత జాగ్రత్తగా విసిరి ఉంటారో ఇదంతా తెలిస్తేనే అర్థమవుతుంది.

కోల్‌కతా లీగ్ నేటికీ వానల్లోనే సాగుతుంది. ఆ వానలో ఒక త్రోను దగ్గరగా చూడాలి. కుర్రాడు బంతిని బొడ్డుకేసి తుడుచుకుంటాడు. జెర్సీ కూడా తడిసే ఉంటుంది కాబట్టి ప్రయోజనం తక్కువ. రెండు బొటనవేళ్లు దాదాపు తగిలేలా, మిగతా వేళ్లు బంతి వెనక్కి పరిచి పడతాడు. మైదానం వైపు తిరిగి, బంతిని తల వెనక్కి, మెడ తగిలేదాకా తీసుకెళతాడు. నడుం విల్లులా వెనక్కి వంగుతుంది. అక్కడి నుంచి పొట్ట, భుజాలు, మోచేతులు, మణికట్లు వరసగా ముందుకు వస్తాయి. బంతి తల మీదుగా సాగి చేతులను వదలాలి. ఆ వదిలే క్షణంలో రెండు పాదాలూ ఎంతో కొంత నేలను తాకి ఉండాలి, గీత మీదో గీత బయటో. బలమంతా ముందుకు వచ్చేసరికి వెనక కాలు దానంతట అదే లేస్తుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది అక్కడే. అలవాటున్నవాడు వెనక కాలి బొటనవేలిని నేల మీద ఈడుస్తాడు. బురదలో ఆ ఈడ్పు సన్నని చారగా మిగులుతుంది. ఒట్టికాళ్లతో ఆడిన తరానికి ఈ ఒక్క విషయంలో బూట్లవాళ్లకన్నా నేల మీద పట్టు ఎక్కువే ఉండాలి.

పాదాల గురించి పుస్తకం చాలాసార్లు మాట మార్చింది. 1925లో రెండు పాదాలూ గీత మీదే ఉండాలన్నారు. తర్వాత సడలించి, గీత మీదైనా బయటైనా పరవాలేదన్నారు. 1938లో ఇంగ్లండ్ సంఘం కార్యదర్శి స్టాన్లీ రౌస్ నియమాలన్నిటినీ తిరగరాసి పదిహేడుగా పేర్చినప్పుడు త్రో-ఇన్‌కు పదిహేనో స్థానం దక్కింది. అంతర్జాతీయ ఆటలో ఇవాళ్టికీ అది పదిహేనో నియమమే. బంతి ఎక్కడ గీత దాటిందో అక్కడి నుంచే విసరాలన్న గట్టి పట్టు 1987లో వచ్చింది. ప్రత్యర్థి రెండు మీటర్ల దూరంలో నిలబడాలన్నది ఈ శతాబ్దంలో చేరింది. త్రో నేరుగా గోల్లోకి పోతే గోలు కాదు. ఎదుటివాళ్ల గోల్లో పడితే గోల్‌కిక్, సొంత గోల్లో పడితే కార్నర్.

చిత్రమేమిటంటే, ఇన్ని మార్పులను కోల్‌కతా, ఆ మాటకొస్తే దేశమంతా మారు మాట్లాడకుండా స్వీకరించింది గానీ, మిగతా చాలా విషయాల్లో మన ఆట మనదిగానే ఉండేది. మ్యాచ్ నిడివి ప్రపంచమంతా తొంభై నిమిషాలైతే, మన దేశవాళీ పోటీల్లో చాలాకాలం డెబ్బై నిమిషాలే. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో కూడా ఎనభై నిమిషాలే ఆడారు. బూట్లు ఇష్టమైతేనే. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో ఆడి 1-2తో ఓడిన మన జట్టులో ఎక్కువమంది బూట్లు లేకుండానే దిగారు. 1952 హెల్సింకీలో చలికి గడ్డకట్టిన కాళ్లతో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యాకే బూట్లు తప్పనిసరి చేశారు. కాళ్ల విషయంలో, గడియారం విషయంలో మన పద్ధతి వేరుగా ఉండేది. చేతుల విషయంలో మాత్రం మొదటినుంచీ పుస్తకంలో ఉన్నదే.

పుస్తకాన్ని గౌరవిస్తూనే బడి కోసం ఆటను మార్చుకున్న మనిషి హైదరాబాద్‌లో ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు. ‘రహీం సాబ్’ అంటే అప్పటికీ ఇప్పటికీ హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు గురువే. 1943 నుంచి కన్నుమూసే దాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. కుర్రాళ్లకు ఆయన ప్రత్యేక పోటీలు పెట్టేవాడు. ఒక పోటీలో బంతిని వెంట నడిపించుకుపోకూడదు, వచ్చిన వెంటనే పాస్ ఇవ్వాలి. మరో పోటీలో వాటంలేని కాలితోనే కొట్టాలి. అంతర్జాతీయ పుస్తకంలో ఇలాంటివి ఉండవు. ఒక బడిపంతులు తన పిల్లల కాళ్లలో లోపం ఎక్కడుందో చూసి, దానికి మందుగా రాసిన నియమాలివి. బడికి వేరే నియమం ఎందుకుండాలని అడిగేవాళ్లకు ఇంతకన్నా మంచి జవాబు దొరకదు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

రహీం సాబ్ తీర్చిదిద్దిన కాళ్లు చాలావరకు కోల్‌కతా బాట పట్టాయి. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, ఆ ఊరివాడై, 2023లో కన్నుమూసేదాకా బెంగాల్‌లోనే ఉండిపోయాడు. హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ కోల్‌కతా మూడు పెద్ద క్లబ్బులకూ గోలు కాశాడు. వీళ్లకు ముందే ఈస్ట్ బెంగాల్ ముందువరసలో వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే అనే ఐదుగురు దక్షిణాదివాళ్లు కలిసి ఆడితే బెంగాలీలు వాళ్లను ‘పంచపాండవులు’ అని పిలుచుకున్నారు. హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ హబీబ్‌ను ‘బడే మియా’ అన్నారు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్‌తో మోహన్ బగాన్ 2-2తో సమంగా నిలిచినప్పుడు ఆ రెంటిలో ఒక గోలు హబీబ్‌ది. కుర్రాడు నగేంద్రప్రసాద్ బంతి తన్నిన ఏడాదికి సరిగ్గా వందేళ్లు.

ఆ కాస్మోస్ జట్టు వచ్చిన అమెరికాలో అప్పటికే నియమాలు వేరు. వాళ్ల లీగ్‌లో ఆఫ్‌సైడ్ కోసం గోలుకు 35 గజాల దూరంలో విడిగా ఒక గీత గీసుకున్నారు. ఆ అలవాటు అక్కడి ఉన్నత పాఠశాలల్లో నేటికీ మరో రూపంలో సాగుతోంది. వాళ్ల బడులకు జాతీయ సమాఖ్య ప్రచురించే నియమావళి వేరే ఉంది. దాని ప్రకారం త్రో దొరికిన జట్టుకు ఆటగాళ్లను మార్చుకునే అవకాశం కూడా దొరుకుతుంది. బయటికి వెళ్లినవాడు మళ్లీ లోపలికి రావచ్చు. అంతర్జాతీయ మ్యాచ్‌లో ఆట ఆగిన ఏ సమయంలోనైనా రిఫరీ అనుమతితో మార్చుకోవచ్చు గానీ, మార్పులకు లెక్క ఉంటుంది, బయటికెళ్లినవాడు తిరిగి రాడు. అమెరికాలో చదివే తెలుగు పిల్లలు శనివారం క్లబ్ మ్యాచ్ ఒక పుస్తకం ప్రకారం, వారం మధ్యలో బడి మ్యాచ్ మరో పుస్తకం ప్రకారం ఆడుతుంటారు. 1860ల నాటి ఈటన్, హారో పిల్లల అవస్థలో కొంచెం వీళ్లకూ వచ్చిపడింది.

మన దేశంలో ఆ బెడద లేదు. బడుల పోటీల్లో పెద్దదైన సుబ్రతో కప్ 1960లో మొదలైంది. వైమానిక దళానికి తొలి భారతీయ అధిపతి సుబ్రతో ముఖర్జీ పేరు మీద పెట్టారు. ఆయన 1911లో, మోహన్ బగాన్ షీల్డ్ గెలిచిన ఏడే, కలకత్తాలో పుట్టినవాడు. ఇలాంటి పోటీల్లో చిన్న వయసువాళ్లకు ఆట సమయం తగ్గిస్తారు, అంతే. నియమాలు రాసే అంతర్జాతీయ మండలి కూడా పిల్లల ఆటకు ఏమేం మార్చవచ్చో పట్టిక వేసి ఇచ్చింది. మైదానం కొలతలు, బంతి సైజూ బరువూ, గోలుస్తంభాల వెడల్పు, ఎత్తు, ఆడే సమయం, వెళ్లినవాణ్ణి మళ్లీ రప్పించుకోవడం, ఇలా. త్రో విసిరే తీరు ఆ పట్టికలో లేదు. ప్రపంచకప్ ఆటగాడు ఎలా విసరాలో ఆరో తరగతి పిల్లవాడూ అలాగే విసరాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పుస్తకం ఒకటే అయినా అమలు ఒకటి కాదు. పెద్ద మ్యాచ్‌ల్లో డిఫెండర్ బంతి పట్టుకుని గీత వెంబడి నాలుగైదు గజాలు ముందుకు జరిగి విసిరినా రిఫరీ చెయ్యి ఊపి ఊరుకుంటాడు. బడి మ్యాచ్‌లో పదేళ్ల పిల్లవాడి మడమ అంగుళం లేస్తే ఈల మోగుతుంది. త్రో పోతుంది. ఎందుకు పోయిందో ఆ పిల్లవాడికి చెప్పేవాడు ఉండడు. గట్టిగా చూడాల్సింది పెద్దవాళ్లను. పిల్లల దగ్గర రిఫరీ ఒక్క క్షణం ఆగి, ‘కాలు లేచింది బాబూ’ అంటే చాలు, వచ్చే త్రోకు దిద్దుకుంటాడు. మన బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయులు షూటింగుకు, పాసింగుకు ఇచ్చే సమయంలో పదో వంతైనా త్రోకు ఇస్తే బాగుంటుంది.

త్రోను తేలిగ్గా తీసుకోనివాళ్లు దాంతో ఏం చెయ్యగలరో ప్రపంచం చూసింది. బడిరోజుల్లో జావెలిన్ విసిరిన రోరీ డెలాప్ 2008 నుంచి స్టోక్ సిటీ తరఫున విసిరిన త్రోలు కార్నర్ల కన్నా భయపెట్టేవి. డెన్మార్క్‌కు చెందిన థామస్ గ్రోనెమార్క్‌ను 2018లో లివర్‌పూల్ కేవలం త్రోలు నేర్పడానికే కోచ్‌గా పెట్టుకుంది. ఆయన 2010లో పల్టీ కొడుతూ విసిరిన త్రో 51.33 మీటర్లు పోయింది. పల్టీ కొట్టినా నియమం ఒప్పుకుంటుంది, వదిలే క్షణంలో పాదాలు, చేతులు చెప్పినట్టు ఉంటే చాలు. 2018 ప్రపంచకప్‌లో స్పెయిన్ మీద ఇరాన్ ఆటగాడు మిలాద్ మహమ్మదీ చివరి నిమిషాల్లో పల్టీ కొట్టి లేచి, మనసు మార్చుకుని మామూలుగా విసిరిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

చేతులు వద్దు, కాలే మేలన్న వాదన మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంది. 1993లో జపాన్‌లో జరిగిన 17 ఏళ్లలోపు ప్రపంచ పోటీల్లో ఫిఫా త్రోలు తీసేసి, పక్కకు పోయిన బంతిని కాలితో లోపలికి తన్నించింది. షెఫీల్డ్ పద్ధతి నూటపదహారేళ్ల తర్వాత కుర్రాళ్ల కాళ్ల మీద మళ్లీ పరీక్షకు వచ్చింది. అది నిలవలేదు. అదే వయసువాళ్ల ప్రపంచకప్ 2017లో మన దేశానికి వచ్చినప్పుడు, అక్టోబరు 28న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో 66,684 మంది ముందు ఇంగ్లండ్ కుర్రాళ్లు స్పెయిన్ మీద రెండు గోల్స్ వెనకబడి 5-2తో గెలిచారు. పక్కకు పోయిన ప్రతి బంతినీ రెండు చేతులతో తల మీదుగానే విసిరారు.

2020లో ఆర్సెనల్ మాజీ కోచ్ ఆర్సెన్ వెంగర్ కాలితో తన్నే పద్ధతిని మళ్లీ ముందుకు తెచ్చాడు. త్రో విసిరే క్షణంలో ఆ జట్టుకు ఒక మనిషి తక్కువవుతాడు, పది మంది మీద తొమ్మిదిమందితో నెగ్గడం కష్టమని ఆయన వాదన. పెద్ద క్లబ్బుల లెక్కలో అందులో న్యాయం ఉంది. కానీ గోలుకు దగ్గరగా పక్కకు పోయిన ప్రతి బంతీ కాలితో కొట్టే ఫ్రీకిక్‌గా మారితే, బడి జట్టులో గట్టి కాలున్న ఒకరిద్దరే ప్రతిసారీ గీత దగ్గరికి వస్తారు. ఇప్పుడైతే బంతి ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్లే తీసుకుని విసురుతున్నారు. తొమ్మిదో తరగతి కుడి బ్యాక్‌కు మ్యాచ్ మొత్తంలో బంతి నిశ్చింతగా చేతికి దొరికి, తలెత్తి చూసి, ఎవరికి ఇవ్వాలో తనే నిర్ణయించుకునే అవకాశం త్రోలోనే వస్తుంది. దాన్ని తీసేసే ముందు నియమాల మండలి బడి మైదానాల వైపు కూడా ఒకసారి చూడాలి.